ఏలిక తీయించిన ఎలుక

తెలుగువాళ్ళ ఇంట్లో బిడ్డ పుట్టగానే మొదలయ్యేది పరిశోధన. పరిశోధకులెవరయ్యా అంటే మేనత్తలు, పిన్నులు, పిలవకపోయినా వచ్చే పక్కవాటా ఆవిడ. ‘‘ముక్కు అచ్చం తాతదే’’ అని ఒకావిడ తీర్పిస్తే, ‘‘ముక్కు మీదైతే కానీండి, ఆ చెవులు మాత్రం మావాళ్ళవి’’ అని ఇంకొకావిడ అప్పీలు చేస్తుంది. ఉయ్యాల్లో వాడు మనిషి కాదు, ఉమ్మడి ఆస్తి. పంపకాలయ్యాక మిగిలిన ఏడుపొక్కటీ తల్లి వాటాకి వస్తుంది.

ఈ పంపకాల్లో ఒక శాస్త్రం దాగుందని కనిపెట్టినవాడు చయనులు. ఇంటిపేరు అవసరాల. విశాఖపట్నంలో, సముద్రం కనబడే కొండ మీద, పోలికశాల అనే ప్రభుత్వ పరిశోధనశాలకు అధిపతి. ఆయన పదేళ్ళు కష్టపడి చేసిన యంత్రం చూడ్డానికి అన్నం కుక్కరంత ఉంటుంది. విజిల్ ఉండదు, రెండు దీపాలూ ఒక చిన్న తెరా ఉంటాయి. బిడ్డ మడమ నుంచి రక్తం చుక్క తీసి గాజుపలక మీద వేస్తే, పచ్చదీపం వెలిగితే క్షేమం. ఎర్రదీపం వెలిగితే జన్యువుల్లో ఎక్కడో తేడా ఉంది, డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

యంత్రానికా తేడా ఎలా తెలుస్తుందని భార్య హైమవతి అడిగింది. ఆవిడ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం టీచరు. అడిగినప్పుడు వంటింట్లో పప్పులుసు మరుగుతోంది.

‘‘ఈ వీధిలో అందరిళ్ళ పులుసూ ఒకే రుచా?’’ అన్నాడు చయనులు.

‘‘ఛ, ఎవరి రుచి వాళ్ళది. మీ అక్కయ్య బెల్లం కుమ్మరిస్తుంది.’’

‘‘ఉప్పు?’’

‘‘ఉప్పు లేకుండా పులుసెవరు పెడతారూ?’’

‘‘అదే. అన్నీ మారినా ఉప్పు మారలేదంటే, అది లేకపోతే కుదరదన్నమాట. చేపలోంచి కప్పలోకి, కప్పలోంచి ఎలుకలోకి, అక్కణ్ణుంచి కోతిలోకి, నీలోకి, కోట్ల ఏళ్ళుగా మారకుండా వచ్చిన అక్షరాలు కొన్నున్నాయి. అవి ఉప్పు. బిడ్డలో ఆ అక్షరం మారిందా, నా యంత్రం ఎర్రబడుతుంది.’’

‘‘నా పప్పులుసులో చేపల్ని దింపి, ఉప్పు గురించి బ్రాహ్మడు నాకు చెప్పడం! కలికాలం,’’ అంది హైమవతి. అంది గాని, మర్నాడు క్లాసులో అదే చెప్పింది.

చయనులు యంత్రానికో నినాదం కూడా కట్టాడు: తలరాత కాదు, తాతల రాత. యంత్రం పనిచేసింది. మొదటి ఏడాదే కొందరు పసివాళ్ళకి ఎర్రదీపం వెలిగింది. ఒకళ్ళకి పాలు మార్చారు, ఒకళ్ళకి మందు మొదలెట్టారు, బతికి బట్టకట్టారు. ఇంకేం, ఆస్పత్రుల్లో పాత మడమ పరీక్షలన్నీ దండగని ఎత్తేశారు. ఎత్తేయమని సిఫారసు రాసిందీ చయనులే.

* * *

అప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది ప్రగతి పక్షం. వాళ్ళకి సైన్సంటే ప్రాణం. ఎవరి ప్రాణమని మాత్రం అడగకూడదు. పోలిక యంత్రంలో కోతి ఉందని తెలియగానే వాళ్ళు కోతిని పట్టుకున్నారు. కోతే వాళ్ళని పట్టుకుందో ఏమో.

సంస్కరణ శాఖ కార్యదర్శి దివాకర్ పట్నాయక్ గారు కొండెక్కి వచ్చారు. మెత్తటి మాట, ఇస్త్రీ నలగని చొక్కా. ‘‘చయనులు గారూ, యంత్రం ప్రతి బిడ్డకీ ఇచ్చే పోలిక పత్రం మీద కోతి బొమ్మ వేయాలి. తాతముత్తాతల పేర్ల పైన, అందరికంటే పెద్దగా. జనంలో మూఢత్వం పోవాలిగా!’’

బొమ్మ వేశారు. బడుల్లో పొద్దున్నే పిల్లల చేత ‘‘మనిషికీ కోతికీ ముత్తాత ఒక్కడే’’ అని ప్రతిజ్ఞ చేయించారు. రేషన్ షాపులో ఆ ముక్క అన్నవాళ్ళకే బియ్యం. గోపాలపట్నంలో ఒక ముసలాయన ‘‘మా ముత్తాత కరణం పనిచేశాడు బాబూ, కోతి కాదు’’ అని వాదించి, ఖాళీ సంచీతో ఇంటికెళ్ళి, కోడలి చేత నాలుగు మాటలు తిని, తిరిగొచ్చి కోతిని ఒప్పుకుని బియ్యం తెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం సర్వే చేయిస్తే, నూటికి తొంభై ఎనిమిది మంది పరిణామ సిద్ధాంతాన్ని మనసారా నమ్ముతున్నట్టు తేలింది. మిగిలిన ఇద్దరూ ఎంత వెతికినా దొరకలేదు.

చయనులు పొంగిపోయాడు. హైమవతి పొంగలేదు.

‘‘పోయినేడు ఒక పిల్లాడు లేచి, ‘మరి ఇప్పుడున్న కోతులు కోతుల్లాగే ఎందుకున్నాయి టీచర్’ అనడిగాడండీ. వాడికి చెప్పడానికి ఒక పీరియడ్ పట్టింది. ఈ ఏడు ఎవరూ అడగట్లేదు. చప్పట్లు కొడుతున్నారు.’’

‘‘నమ్ముతున్నారన్నమాట!’’

‘‘నమ్మడానికీ నోరు మూసుకోడానికీ తేడా తెలీదా మీకు?’’

తెలుసు. కానీ ఊరూరా యంత్రం వస్తోంది. ఆ అవసరం ముందు ఈ తేడా చిన్నదనిపించింది. ఇంటిపేరు ఊరికే రాదు కదా.

* * *

పక్షమన్నాక మారుతుంది. ప్రగతి పక్షం పోయి పరంపర పక్షం వచ్చింది. ఏ పక్షమొచ్చినా జనానికి మిగిలేది అమావాస్యే. సంస్కరణ శాఖ బోర్డులో ణకారం ఊడి, ఒక దీర్ఘం చేరి, సంస్కార శాఖ అయింది. లోపల కుర్చీలో పట్నాయక్ గారు అలాగే ఉన్నారు. చొక్కా కూడా నలగలేదు.

‘‘చయనులు గారూ, కోతి పోవాలి,’’ అన్నారు కొండెక్కి వచ్చి.

‘‘ఎక్కడికండీ?’’

‘‘ఎక్కడికైనా. మన యంత్రంలోంచి మాత్రం పోవాలి. మనిషి మనిషికే పుట్టాడని కొత్త మంత్రిగారి అభిప్రాయం.’’

‘‘పోనీ ఎలుకనైనా ఉంచండి. మనకి ఎలుకే ముఖ్యం.’’

‘‘ఎలుక వినాయకుడి వాహనం. దాన్ని మనిషికి చుట్టమంటే పందిళ్ళ కమిటీవాళ్ళు ఊరుకుంటారా?’’

‘‘చేప?’’

‘‘మొదటి అవతారం.’’

‘‘తాబేలు?’’

‘‘రెండోది. వరసగా అడక్కండి, ఇంకా చాలా ఉన్నాయి.’’

‘‘జంతువులన్నీ తీసేస్తే యంత్రం గుడ్డిదైపోతుందండీ!’’

పట్నాయక్ గారు టీ కప్పు కింద పెట్టారు. ‘‘తీయకపోతే యంత్రమే పోతుంది. ఊరూరా ఉన్న కుక్కర్లన్నీ తుక్కుకింద అమ్మేస్తారు. మీరు పెద్దవారు, నేను చెప్పేదేముంది.’’

అక్కడితో ఆగి ఉంటే అది పట్నాయక్ గారి పాపం. చయనులు ఆగలేదు. బుర్రలో తళుక్కున ఏదో మెరిసింది, మెరిసినదాన్ని మింగలేకపోవడం మేధావుల జబ్బు. ‘‘జంతువుల బదులు ఆ కుటుంబాన్నే పెట్టొచ్చండీ. ఇంట్లో ఉన్నవాళ్ళ రక్తం నుంచి వెనక్కి ఏడు తరాలు లెక్కకట్టి, బిడ్డని వాళ్ళతో పోల్చితే...’’

‘‘ఏడు తరాలు!’’ పట్నాయక్ గారు కుర్చీలోంచి లేచారు. ‘‘ఏం మాటండీ! ఇక మంత్రిగారు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు.’’

ఆ మధ్యాహ్నం చయనులు తన దగ్గర పనిచేసే శాస్త్రవేత్త కోరాడ నీలవేణిని పిలిచి ఏడు తరాల సంగతి చెప్పాడు. ఆ అమ్మాయి వింటూ వింటూ పెన్ను మూత పెట్టేసింది.

‘‘సార్, మేనరికాలు చేసుకునే జనం మనం. ఒకే తప్పు అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ వస్తే, ఈ యంత్రం దాన్ని తప్పనుకోదు. పోలిక అనుకుంటుంది. పచ్చదీపం వెలిగించి శుభాకాంక్షలు చెబుతుంది.’’

‘‘నేను జంతువుల్ని చెరిపేయట్లేదమ్మా. మూతేస్తున్నాను, అంతే. ప్రతి యంత్రానికీ వెనకవైపు చిన్న మీట పెడుతున్నాను. అది నొక్కితే ఎలుకా కోతీ మళ్ళీ లెక్కలోకొస్తాయి. రోజులు మారగానే నొక్కుదాం.’’

‘‘రోజులు మారేలోపు పుట్టే పిల్లలు?’’

చయనులు బల్ల మీద కళ్ళజోడు కోసం వెతికాడు. అది ముక్కు మీదే ఉంది.

నీలవేణి ఆ మాటే మీటింగులో కూడా అంది. జంతువుల మీద అంత ప్రేమ ఉన్న మనిషి కదా అని ఆవిణ్ణి పశుసంవర్ధక శాఖకి బదిలీ చేశారు. చయనులు అడ్డుపడలేదు. మీట కట్టిన చేతులు ఆ రోజు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

మళ్ళీ సర్వే జరిగింది. మనిషికీ జంతువుకీ ఏ చుట్టరికమూ లేదని నూటికి తొంభై ఎనిమిది మంది చెప్పారు. అదే ఊరు, అవే ఇళ్ళు, అదే ప్రశ్న. అడిగిన గుమస్తా కూడా అతనే. గోపాలపట్నం ముసలాయన ఈసారి తడుముకోకుండా కరణం పేరు చెప్పి బియ్యం తెచ్చుకున్నాడు. పరిణామాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎవరూ పుస్తకం చూసి తేల్చుకోలేదు, తూకంరాయి చూసి తేల్చుకున్నారు. హైమవతి బళ్ళో ఆ పాఠం ఉన్న పేజీలన్నీ జిగురుతో అంటించమన్నారు. పిల్లలు ఉత్సాహంగా అంటించారు. చప్పట్లు కొట్టిన చేతులే అవి.

‘‘ఇంటికొచ్చి చేతులెంత కడిగినా జిగురు పోవట్లేదండీ,’’ అంది ఆవిడ.

చయనులు తన చేతులు చూసుకోలేదు.

* * *

కూతురు కాత్యాయనిది మేనరికం. పెళ్ళికొడుకు పతంజలి, చయనులు అక్క రాజ్యలక్ష్మి కొడుకు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, అక్కయ్య నోరు తెరిచి అడిగింది. జన్యుశాస్త్రం మొత్తం తిరగేసిన తండ్రి ‘‘ఏముందిలే, యంత్రం ఉందిగా’’ అనుకున్నాడు. అప్పుడు యంత్రంలో ఎలుక కూడా ఉండేది.

కాత్యాయనికి పరంపర పక్షం ఏలుబడిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లోనే బారసాల. అప్పటికి పోలిక పత్రం బారసాలలో భాగమైపోయింది. తండ్రి బియ్యంలో పేరు రాయడం, తల్లి బావిలో చేద వేయడం, తర్వాత యంత్రంలో చుక్క వేయడం. యంత్రం తయారుచేసినవాడి మనవరాలు కాబట్టి టీవీవాళ్ళొచ్చారు. పట్నాయక్ గారు వెండిగిన్నెతో వచ్చారు.

పిల్ల పచ్చటి పసిమి. మొక్కజొన్న పీచులాంటి జుట్టు. ఆడవాళ్ళు ఉయ్యాల చుట్టూ మూగి మురిసిపోతున్నారు.

‘‘ఎవరి పోలికే ఇది! మీ ఇద్దరూ చామనఛాయేనాయె.’’

రాజ్యలక్ష్మి పిల్లని ఎత్తుకుని తమ్ముడి దగ్గరకొచ్చింది. ‘‘ఒరే తమ్ముడూ, నాకు తెలిసిందిరా. ఇది తెల్ల సోమన్న పోలిక!’’

‘‘ఎవరక్కయ్యా?’’

‘‘అమ్మమ్మ తమ్ముడురా. నువ్వు చూడలేదులే. దొరబాబులా ఉండేవాడట. పాపం, మాట రాలేదు. అరుగు మీద కూచుని అలా చూస్తూ ఉండేవాడట. కానీ ఏం రంగనుకున్నావు!’’

చయనులు పిల్ల జుట్టు వేళ్ళతో తాకి చూశాడు. చుక్క అప్పటికే గాజుపలక మీద ఉంది. ఆయన కుడిచెయ్యి దానంతటదే యంత్రం వెనక్కి వెళ్ళింది. వేలికి మీట తగిలింది. పప్పుబద్దంత మీట. నొక్కితే చాలు.

‘‘సార్, ఇటు చూడండి!’’ అన్నాడు కెమెరా అబ్బాయి. పట్నాయక్ గారు పక్కకొచ్చి నిలబడి భుజం మీద చెయ్యి వేశారు. నొక్కితే తెర మీద ఎలుక వస్తుంది. రాష్ట్రమంతా చూస్తుంది.

చయనులు చెయ్యి తీసేసి కెమెరా వైపు చూశాడు.

యంత్రం ఏడు తరాలు వెనక్కెళ్ళింది. అమ్మ వైపు వెతికింది, నాన్న వైపు వెతికింది, రెండువైపులా ఒకే అక్షరం దొరికింది. పచ్చదీపం వెలిగింది. ‘వంశపు పోలిక, శుభం’ అని మామిడాకుల తోరణం మధ్య అక్షరాలొచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లకి మేధ అని పేరు పెట్టారు.

* * *

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఇంట్లో ఎలుకలు చేరాయి.

ఎలుకలు కనబడలేదు, వాసనొచ్చింది. పాత సందూకం తెరిచినట్టు, తడిసిన గోనెసంచి మూల పడేసినట్టు. హైమవతి బియ్యం డబ్బా కింద చూసింది, బీరువా వెనక చూసింది. బజారు నుంచి బోను తెచ్చి ఎండుకొబ్బరి ముక్క కట్టింది. పొద్దున్నే చూస్తే కొబ్బరి ముక్క కొబ్బరి ముక్కలాగే ఉంది. మర్నాడు ఉల్లి పకోడీ కట్టింది. అది సాయంత్రం టిఫినుగా పతంజలి తినేశాడు.

‘‘మీరు యంత్రంలోంచి తరిమేసిన ఎలుకలన్నీ అడ్రసు కనుక్కుని మనింటికొచ్చినట్టున్నాయి,’’ అంది మొగుడితో.

చయనులు నవ్వాడు. ఎలుకను తీయించింది ఏలిక, ఎలుకకు దొరికింది ఏలుబడి, అంటూ ఏదో అందామనుకున్నాడు. మాటలాట ఆయనకి మజా. ఆ పూట ఎందుకో అనకుండా లేచి బోను మళ్ళీ సర్దిపెట్టాడు.

మేధ మంచిపిల్ల. ఏడుపు తక్కువ. గిలక ఆడిస్తే చూడదు. పేరు పెట్టి పిలిస్తే తిరగదు. ‘‘నెమ్మదస్తురాలు, అన్నీ సోమన్న బుద్ధులే,’’ అని రాజ్యలక్ష్మి ఫోన్లో మురిసింది. జుట్టు ఇంకా తేలబడింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ సున్నిపిండిలో ఏం కలుపుతున్నారని అడిగారు.

ఒక ఆదివారం పొద్దున్న కాత్యాయని స్నానానికి వెళితే, హైమవతి పిల్లకి గుడ్డ మార్చబోయింది. వంగింది. వంగినావిడ అలాగే ఉండిపోయింది. పిల్ల మెడ దగ్గర ముక్కు పెట్టింది, మాడు మీద పెట్టింది, తడిగుడ్డ తీసి వాసన చూసింది. పాతికేళ్ళు జీవశాస్త్రం చెప్పిన మనిషి.

‘‘ఏవండీ,’’ అని పిలిచింది. ‘‘ఎలుక బోనులో లేదండీ. ఉయ్యాల్లో ఉంది.’’

* * *

పోలికశాలకి సెలవు. చయనులు పిల్లని తనే ఎత్తుకుని తీసుకెళ్ళాడు. వెనకాల కాత్యాయని, హైమవతి. మడమ మీద సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. గాజుపలక మీద చుక్క వేసి, చెయ్యి వెనక్కి పోనిచ్చి, మీట నొక్కాడు.

తెర మీద కోతి వచ్చింది. ఎలుక వచ్చింది. కప్ప వచ్చింది. చేప వచ్చింది. ఇన్నాళ్ళూ మూతకింద ఉన్నవాళ్ళందరూ బారసాలకి ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా ఒక్కొక్కళ్ళే వచ్చి నిలబడ్డారు. చేపలో ఉన్న అక్షరం కప్పలో ఉంది. కప్పలో ఉన్నది ఎలుకలో ఉంది. ఎలుకలో ఉన్నది కోతిలో ఉంది. ఒక్క అవసరాల వారింట్లో లేదు.

ఎర్రదీపం వెలిగింది.

పిల్లల డాక్టరు మాటలు నాన్చలేదు. పాలల్లో ఉండే మాంసకృత్తుల్లో ఒక పదార్థాన్ని ఈ పిల్ల ఒళ్ళు అరిగించుకోలేదు. అది రక్తంలో నిలవుండిపోతుంది, మెదడుకెక్కుతుంది. ఆ పసిమి, ఆ తేనెరంగు జుట్టు, ఆ వాసన, అన్నీ దాని గుర్తులే. తల్లిపాలు ఆపి వేరే పొడి పట్టాలి.

‘‘పుట్టగానే తెలిసుంటే ఏ దిగులూ లేకపోయేదమ్మా. మామూలు పిల్లలాగే పెరిగేది. ఇప్పుడు ఇకమీదట జరిగేదాన్ని ఆపగలం. ఇంతవరకూ జరిగింది వెనక్కి రాదు. ఎంత జరిగిందో, మాటలు రావలసిన వయసులో తెలుస్తుంది,’’ అని చెప్పి ఆగాడు. ‘‘మీ ఇంట్లో పోలిక యంత్రం పెట్టలేదా సార్?’’

చయనులు మందుచీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక కాత్యాయని హాల్లో గోడ దగ్గర నిలబడింది. బారసాల ఫొటోకి ఫ్రేము కట్టించి పెట్టారు. మధ్యలో పిల్ల, పక్కన పట్నాయక్ గారు, ఈ పక్క చయనులు. ఆయన కుడిచెయ్యి యంత్రం వెనక సగం కనబడకుండా ఉంది.

‘‘నాన్నా, ఆ రోజు నీ చెయ్యి వెనక్కెళ్ళింది. నేను చూశాను. యంత్రం సర్దుతున్నావనుకున్నాను.’’

చయనులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

‘‘మీట అక్కడే ఉంది కదూ?’’

‘‘ఉందమ్మా.’’

‘‘తగిలిందా?’’

‘‘తగిలింది.’’

కాత్యాయని పిల్లకి పొడి కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. చెంచా గిన్నెకి తగిలే చప్పుడు చయనులు వింటూ కూచున్నాడు. సోమన్న అరుగు మీద ఇలాగే కూచుని ఉంటాడనిపించింది.

* * *

మర్నాడు చయనులు పోలికశాలలో, ఊరూరి యంత్రాల లెక్కలన్నీ వచ్చి చేరే పెద్ద యంత్రానికి వేసిన మూత పూర్తిగా తీసేశాడు. కోతి పోయాక రాష్ట్రంలో పుట్టిన పిల్లలందరి చుక్కల లెక్కలూ అందులోనే ఉన్నాయి. అన్నిటినీ మళ్ళీ ఎలుకతో కలిపి పోల్చమన్నాడు. పచ్చగా ఉన్న తెర మీద అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రచుక్కలు లేచాయి. తట్టు పోసినట్టు.

సంగతి తెలిసి పట్నాయక్ గారు వచ్చారు. ఈసారి చొక్కా కాస్త నలిగింది.

‘‘మీ మనవరాలికి వైద్యం మొదలైందట, సంతోషం. మిగతావాళ్ళ సంగతి ఎన్నికలయ్యాక నెమ్మదిగా చూద్దాం. ఇప్పుడు బయటపెడితే మంత్రిగారికి చాలా ఇబ్బంది.’’

‘‘పసిపిల్లల మెదళ్ళకి ఎన్నికలు తెలీదండీ. అవి రోజూ పాడవుతాయి.’’

‘‘పోనీ, తప్పెవరిదని అడుగుతారు. ఏం చెబుతారు?’’

‘‘మీరు తీయించారని చెబుతాను.’’

‘‘నేనా?’’ పట్నాయక్ గారికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. ‘‘జంతువులు పోవాలి అన్నాను, అంతే కదండీ. ఏడు తరాలు మీ మాట. మూత మీది. మీట మీది. పాత పరీక్షలు ఎత్తేయమన్న సంతకం మీది. యంత్రం గుడ్డిదని నాకు చెప్పిన మీరే, అది చూస్తోందని జనానికి చెప్పారు.’’

అందులో ఒక్క అబద్ధం లేదు. పట్నాయక్ గారు జీవితంలో అంత నిజం ఎప్పుడూ మాట్లాడి ఉండరు.

‘‘నిజమే,’’ అన్నాడు చయనులు. ‘‘తప్పు నాదనే చెబుతాను. అది మీరు ఆపలేరు కదా.’’ ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

మొదట నీలవేణికి చేశాడు. సంగతంతా చెప్పాడు. ఆవిడ ‘‘చెప్పాను కదా సార్’’ అంటుందని ఎదురుచూశాడు. అంటే కాస్త తేలికపడేవాడు. ఆవిడ అనలేదు. ‘‘వస్తున్నాను. వచ్చేలోపు మొదలుపెట్టండి’’ అని పెట్టేసింది.

హైమవతి బడికి సెలవు పెట్టి వచ్చి ఇంకో ఫోను తీసుకుంది. చయనులు ఫోను చేసిన మొదటి ఇంటివాళ్ళు ఏదో మోసమని పెట్టేశారు. రెండో ఇంట్లో పెద్దాయన, పచ్చదీపం వెలిగిన వంశాన్ని పట్టుకుని ఇంత మాటంటావా అని తిట్టాడు. మూడో ఇంటామె విన్నంతసేపు విని, ‘‘మా పిల్లాడు నవ్వట్లేదండీ, డాక్టరుకి చూపిద్దామంటే మావారు పత్రం చూపించి కేకలేస్తున్నారు’’ అని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తున్నంతసేపూ చయనులు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. పెట్టేసే హక్కు తనకి లేదనిపించింది.

తర్వాతి చుక్క శ్రీకాకుళం వైపు ఊరు, మేధలో మారిన అక్షరమే అక్కడా మారింది.

‘‘అమ్మా, నేను పోలికశాల నుంచి మాట్లాడుతున్నాను.’’

‘‘దండాలు బాబూ! మా పాపది పచ్చదీపమే బాబూ. పత్రానికి పటం కట్టించి గోడకెట్టినాం.’’

‘‘ఆ పత్రం తప్పు తల్లీ. తప్పు నాది. ఒక్క సంగతి చెప్పు. పాప దగ్గర ఎలక వాసన లాంటిది వస్తోందా?’’

అవతల గొంతు బాగా తగ్గింది.

‘‘బాబూ... తవరు సర్కారోలేనా?’’

‘‘అవునమ్మా.’’

‘‘మరైతే ఏటి సెప్పమంటారు? వొస్తందని సెప్పాలా, రాదని సెప్పాలా?’’

‘‘అదేమిటమ్మా?’’

‘‘కోతి మా తాతంటే బియ్యవిచ్చినారు, అన్నాం. కాదంటే బియ్యవిచ్చినారు, కాదన్నాం. ఇప్పుడు ఎలక్కేటి సెప్పాలో అది కూడా తవరే సెప్పీయండి బాబూ. అదే సెప్పీస్తాను.’’

చయనులు ఫోను చెయ్యి మార్చుకున్నాడు. ఎదురుగా హైమవతి తన ఫోను చేత్తో మూసి ఆయన మొహంలోకి చూస్తోంది.

‘‘నేను చెప్పకూడదమ్మా,’’ అన్నాడు చివరికి. ‘‘నేను చెప్పే చెడగొట్టాను. సర్కారు మాట వద్దు. పత్రం మాట వద్దు. ఫోను పక్కన పెట్టి వెళ్ళి, పాప మాడు మీద నీ ముక్కు ఆనించి చూడు. నీ ముక్కు ఏం చెబితే అది చెప్పు. ఏది చెప్పినా నీ బియ్యం ఎవరూ ఆపరు. ఆపితే నేనొచ్చి నిలబడతాను.’’

‘‘నా ముక్కా?’’ అంది ఆవిడ, అదొకటి తనకుందని గుర్తొచ్చినట్టు.

ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడైంది. అడుగులు దూరంగా వెళ్ళాయి. కిర్రు కిర్రుమంటున్న ఉయ్యాల గొలుసు ఒక్కసారి ఆగింది. ఆవిడ గట్టిగా ఊపిరి లోపలికి పీల్చడం ఇంతదూరానికీ వినిపించింది.

చయనులు తన ఊపిరి బిగబట్టాడు.